పడమటి బాల్కనీ

బ్రోకర్ యాదగిరిది ఒక్కటే మాట:
"మేడమ్, మే నెలల ఇల్లు అమ్మాలంటే
ముందుగాల్ల ఎండను దాచాలె."

సరే, దాచడం మొదలుపెట్టాం.
దీవాన్ మీది మెరూన్ వెల్వెట్ అటకెక్కింది,
కోఠీలో కొన్న తెల్లటి నూలు దుప్పటి దిగింది.
ఎర్రగడ్డ సంతలో బేరమాడిన రెండు పేము కుర్చీలు,
వారానికింతని నర్సరీ వాడిచ్చిన పది కుండీలు,
గాజు గిన్నె నిండా నిమ్మకాయలు.
పిండడానికి కాదు, చూడడానికి.
మా చిన్నది ఒకటి తీసి షర్బత్ కలుపుకుంటే
ఇంటి ధర పడిపోయినట్టే అరిచాను.

గోడకి లేత నీలం వేస్తూ జహంగీర్ అన్నాడు:
"ఈ రంగు చూస్తే ఫ్యాన్ బంద్ జేస్తరక్కా."
ఘుర్రుమనే డొక్కు కూలర్‌ని
మెట్ల కింద గోనెపట్టా కప్పి దాచాం.
అది లేని మొదటి రాత్రి
ఆ నిశ్శబ్దానికి ఎవరికీ నిద్ర పట్టలేదు.

బాల్కనీకి వట్టివేళ్ళ తడకలు.
చూసేవాళ్ళు రావడానికి గంట ముందు నీళ్ళు కొట్టాలి.
ఆ నీళ్ళు ట్యాంకర్‌వి,
ఆ చల్లదనం గంటసేపటిది,
వాసనొక్కటే నిజం.

పొద్దున తొమ్మిదికి రమ్మను, లేదా రాత్రి ఏడుకి.
మధ్యలో ఎవరు ఫోన్ చేసినా మేం ఊళ్ళో లేం.
మధ్యలో మేం
వంటింటి గచ్చు మీద, తడి తువ్వాళ్ళు కప్పుకుని,
కుషాయిగూడ మొత్తం ఎప్పుడు చల్లబడుతుందా అని.

ఒక జంట వచ్చి ఫోన్లో దిక్సూచి తెరిచి
ఈశాన్యం వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.
ఇంకొకాయన పొద్దున తొమ్మిదికే
పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించాడు.
"రాత్రి ఎన్నింటికి చల్లారుతుందండీ?"
"పదికి" అన్నాను.
ఆయన నా ముఖం చూసి చెయ్యి తీసేశాడు.
ఎక్కడో ఆయనకీ ఒక పడమటి గోడ ఉండే ఉంటుంది.

మూడో వారం, చెప్పాపెట్టకుండా,
మధ్యాహ్నం రెండున్నరకి
మనవరాలి స్కూటీ వెనక కూర్చుని అండాళమ్మ దిగింది.
తడకలు ఎండి గలగలమంటున్నాయి.
కూలర్ మళ్ళీ హాల్లోకొచ్చి ఘుర్రుమంటోంది.
నా నెత్తి మీద తడి తువ్వాలు.

ఆమె నిమ్మకాయల్ని చూడలేదు,
నీలం గోడనీ చూడలేదు.
సూటిగా బాల్కనీకి.
"ఇదేందమ్మా, గిట్ల మూసిపెట్టినవ్? తియ్యి."

తడక ఎత్తాను.
చుట్టాలొచ్చారని గదిలో పెట్టి గడియేసిన పిల్లాడిలా
మూడు వారాల ఎండ ఒక్కసారి లోపలికి దూకింది.

చెప్పులు విడిచి, గచ్చు మీద ఒక పాదం మోపి,
చటుక్కున తీసి, నవ్విందామె.
"ఎంతసేపుంటది?"
అలవాటుగా తగ్గించబోయి ఆగాను.
"ఆరున్నర దాకా. గచ్చు అర్ధరాత్రి దాకా కాలుతూనే ఉంటుంది."
"మంచిది."
సంచీలోంచి కొలత టేపు తీసింది.
నాలుగు పాత చీరలు పరచొచ్చు:
సగ్గుబియ్యం వడియాలకి రెండు,
గుమ్మడి వడియాలకొకటి, చల్ల మిరపకాయలకొకటి.
చింతల్‌లో తన ఇంటి చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి
ఆరేళ్ళుగా ఎండని అద్దెకి తెచ్చుకుంటోందట,
ఎవరిదో మేడ మీద, నెలకి నాలుగు వేలు.

యాదగిరి చెమటలు కక్కుతూ వచ్చేసరికి
బేరం నడుస్తోంది.
రెండు లక్షలు తగ్గించమంటుంది.
"ఎందుకు తగ్గించాలె పెద్దమ్మా?
ఇల్లు మంచిగ లేదా?"
"పొద్దటి ఎండ లేకపాయె గద బిడ్డా.
తూర్పుకు ఆ బిల్డింగు అడ్డం."

అతని నోట మాట రాలేదు.
నేను లక్షన్నర దగ్గర ఆగాను.

గిన్నెలో నిమ్మకాయలు అప్పటికే సగం వడిలాయి.
ఉన్న రసమంతా పిండాను.
మా చిన్నది రెండు గ్లాసులు తాగింది.